పై వీధి, కింది వీధి, నలభై మాటలు

అక్టోబరు 6

పదకొండేళ్ళు కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టాను, ఒక్కసారి తూలి పడలేదు. ఈరోజు కదలకుండా ఉన్న మెట్ల మీద పడ్డాను. కుడికాలు మడమ పైన ఎముక విరిగింది. మోకాలి దాకా కట్టు. ఏడు వారాలు కాలు నేలకి ఆనించకూడదట. డిపోకి ఫోన్ చేసి చెబితే మా డ్రైవరు కడుపుబ్బ నవ్వి, ఆ తర్వాత "అయ్యో" అన్నాడు.

అక్టోబరు 7

తోచక, డిపోలో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ తెరిచాను. మొదటి తొమ్మిది నెలలూ తెల్లగా ఉన్నాయి. నా జీవితం లాగానే అని రాయబోయాను గానీ అది అబద్ధం. చెల్లెల్ని పెంచాను, చదివించాను, పెళ్ళి చేశాను. అది ఊరికి అవతలి చివర కాపురం పెట్టాక, డిపోకి దగ్గరని ఈ గది తీసుకున్నాను. రెండేళ్ళయింది. వాళ్ళ వైపు డిపోకి బదిలీ కోసం అర్జీ పెట్టాను. వచ్చిన వెంటనే వెళ్ళిపోతాను. అందుకే ఇక్కడ ఎవరితోనూ పరిచయాలు పెట్టుకోలేదు. దిగిపోయే స్టాపులో కబుర్లెందుకు?

అక్టోబరు 8

తెల్లవారగానే కింది వీధిలో రొట్టెల కొట్టు షట్టరు. తర్వాత పై వీధిలో తాళాలాయన సుత్తి. ఎనిమిదింటికి బడి పిల్లలు. వీళ్ళ సంగతి నాకేం పట్టింది.

షట్టరు ఇవాళ పావుగంట ఆలస్యంగా లేచింది. ఎందుకో.

అక్టోబరు 10

ఇంటావిడ పైకి వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, నేను పడ్డ మెట్లన్నీ ఒక చేత్తో గిన్నె పట్టుకుని ఎక్కేసింది. అందరూ నర్సమ్మగారు అంటారు. ఈ పేటలో సగం మందికి పురుడు పోసింది, అందుకని ఎవరూ ఈవిడ ముందు వయసు తగ్గించి చెప్పుకోలేరు.

గిన్నె నా ముందు పెట్టి, కొంగులోంచి ఒక కాగితం తీసింది. కార్పొరేషన్ నోటీసు. పాత పేటలన్నింటికీ వీధి మొగలో ఒక రాతి ఫలకం పెడతారట. పేట చరిత్ర పేటవాళ్ళే రాసివ్వాలి. నలభై మాటలకి మించకూడదు. నవంబరు పదిలోపు ఇవ్వకపోతే రాయి మీద వార్డు నంబరు మాత్రమే చెక్కుతారు.

"నువ్వు రాయి," అంది.

"నేనా? నేనీ పేటదాన్ని కాదు కదండీ."

"అందుకే. పై వీధివాళ్ళు రాస్తే కింది వీధివాళ్ళు చింపేస్తారు. కింది వీధివాళ్ళు రాస్తే పై వీధివాళ్ళు తగలబెడతారు. పోయినసారి పార్కు బెంచీ మీద పేరు కోసం కొట్టుకుని, బెంచీయే లేకుండా చేసుకున్నారు. నువ్వు ఎటూ కావు. పైగా కాలు విరిగింది, పారిపోలేవు."

ఎలాగూ వెళ్ళిపోయేదాన్ని. నలభై మాటలే కదా. సరేనన్నాను.

అక్టోబరు 13

తాళాలాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా తాళంచెవిలాగే ఉంటాడు. ఎవరొచ్చినా నేను ఒంటికాలితో గెంతుతూ తలుపు తీయడం నర్సమ్మగారు చెప్పిందట. గడియకి సన్నని తాడు కట్టి, గోడ వెంట కొక్కేల్లోంచి నా మంచం దాకా లాక్కొచ్చాడు. లాగితే తలుపు తెరుచుకుంటుంది. రెండేళ్ళలో నా తలుపుకి ఇంత మర్యాద ఎవరూ చేయలేదు.

పని చేస్తున్నంతసేపూ చరిత్ర చెప్పాడు. పై వీధి తాళ్ళు పేనేవాళ్ళదట. అందుకే ఆ వీధి గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఓడలకి కట్టే తాడు పేనాలంటే ఈ చివర్నించి ఆ చివరికి అడ్డం లేకుండా నడవాలి మరి. "ముందు మేమొచ్చాం కండక్టరమ్మా. కింది వీధివాళ్ళు తర్వాతొచ్చి గుంటలు తవ్వారు. తాళ్ళవాళ్ళ వంశం, నేను తాళాల్లో పడ్డాను గానీ."

ఇతను నాకు తెలుసు. పేరు తెలియదు, అలవాటు తెలుసు. రోజూ పొద్దున మొదటి ట్రిప్పులో ఖాళీ సంచితో ఎక్కి, మూడు స్టాపుల అవతల దిగుతాడు. తిరుగు ట్రిప్పులో సంచి నిండా రొట్టె. ఇంటి కింద రొట్టెల కొట్టు పెట్టుకుని ఈ మనిషికిదేం రోగమో అనుకునేదాన్ని. ఇప్పుడర్థమైంది. అది కింది వీధి రొట్టె!

అక్టోబరు 14

రొట్టెల పిన్ని వచ్చింది. పేటంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. తాళాలాయన వచ్చివెళ్ళిన సంగతి అప్పుడే తెలిసిపోయింది. తాడు చూసి, "కట్టేశాడా? నీ తలుపు కూడా పై వీధిదైపోయింది," అంది. వేడి రొట్టె నా ఒళ్ళో పెట్టింది.

ఆవిడ చరిత్ర వేరు. ముందొచ్చింది ఇటుకలవాళ్ళట. కింది వీధి వంకర తిరగడానికి కారణం, మట్టి తవ్విన గుంటల చుట్టూ ఇళ్ళు కట్టుకోవడం. పిల్లలు ఇప్పుడు జారుడాడుకునే పల్లం పాత మట్టిగుంటేనట. "ఇల్లు లేకుండా ఊరుంటుందా? ఇటుక లేకుండా ఇల్లుంటుందా? తాడు మీద కాపురం చేస్తారా ఎవరైనా?"

రొట్టె బాగుంది. చరిత్ర సంగతి తర్వాత.

అక్టోబరు 17

తాడు పద్నాలుగు సార్లు లాగాను. దర్జీ ఆమె వచ్చి వాళ్ళ తాతే పేటకి మొదటివాడంది. పాలాయన వచ్చి వాళ్ళ తాతన్నాడు. రిటైరయిన లెక్కల మాస్టారు, ఇద్దరి తాతలూ ఒకడేనని రుజువు చేసి వెళ్ళాడు. ముగ్గురూ నా మంచం మీదే కూర్చున్నారు. కాలు పెట్టుకోవడానికి నాకు చోటు లేదు.

ఇరవై ఏడు పేజీలు రాశాను. నలభై మాటలకి!

అక్టోబరు 19

చెల్లి ఫోన్ చేసింది. బదిలీ సంగతి అడిగాను, నువ్వే ఎవరితోనైనా చెప్పించమన్నాను. "చూద్దాంలే అక్కా. నీకోసం అనుకున్న గది పిల్లలు చదువుకోడానికి తీసుకున్నారు. నువ్వొస్తే ఎలాగోలా సర్దుకుంటాంలే," అంది.

చూశారా, నేను లేకపోతే దానికి సర్దుకోవడం కూడా రాదు.

అక్టోబరు 26

సమావేశం. నేను దిగలేను కాబట్టి రెండు వీధులూ నా గదికే వచ్చాయి. పై వీధివాళ్ళు కిటికీ వైపు, కింది వీధివాళ్ళు తలుపు వైపు, మధ్యలో నేనూ నా కాలూ.

నేను రాసింది చదవబోయాను. "పై వీధిలో" అన్నానో లేదో, "ముందు కింది వీధి పేరు రావాలి!" అని పిన్ని లేచింది.

"ఏం? పైనించి కిందికి కదా చదువుతారు?" తాళాలాయన.

"ఇల్లు కిందినించి పైకి కదా కడతారు?"

"కట్టావులే ఇళ్ళు! మా వీధి కాలిపోయినప్పుడు ఇటుకలు చూపించి పెత్తనం చేసింది మీవాళ్ళు కాదూ?"

"చూపించామా? ఇచ్చాం!"

ఒకరి మాట ఒకరు వినే స్థితి దాటిపోయింది. లెక్కల మాస్టారు నా కాలి మీద చెయ్యి ఆనించి ప్రసంగం మొదలుపెట్టాడు. ఇక లాభం లేదని దిండు కింద నుంచి విజిలు తీసి ఊదాను. గదంతా ఠక్కున ఆగింది. "నిలబడ్డవాళ్ళు ముందుకు జరగండి, కూర్చున్నవాళ్ళు లేవండి, అందరూ దిగండి!" అన్నాను. దిగారు. మెట్ల మీద కూడా వీధుల వారీగానే దిగారు.

తాళాలాయన మాత్రం గుమ్మంలో ఆగి, "కింది వీధి మాకు చేసిందేమీ లేదు కండక్టరమ్మా. అది రాయి," అని వెళ్ళాడు.

అక్టోబరు 28

పై వీధి కాలిపోయిన సంగతి సరిగ్గా తెలుసుకోవాలని నర్సమ్మగారిని అడిగాను. ఒక అట్టపెట్టె తెచ్చింది. వాళ్ళమ్మా, ఆ తర్వాత ఈవిడా రాసిన పురుళ్ళ పుస్తకాలు. తేదీ, ఇల్లు, బాబో పాపో, బరువు, పక్కన ఒక మాట. "ఏడుపు గట్టిది." "తండ్రి మూర్ఛపోయాడు." "కవలలు, ఒకరికే చొక్కా కుట్టారు."

రోజంతా చదివాను. రెండేళ్ళుగా బస్సులో చూస్తున్న మొహాలన్నీ పసివాళ్ళయి కళ్ళ ముందు తిరిగాయి. ఎప్పుడూ చిల్లర తేని పాలాయన, అడ్డం తిరిగి పుట్టాడట. అప్పటినుంచీ అంతేనన్నమాట.

అక్టోబరు 29

దొరికింది. అరవై రెండేళ్ళ కిందటి పేజీ. నర్సమ్మగారి అమ్మ చేతిరాత.

"పై వీధి తగలబడింది. నారకీ తారుకీ అంటుకుని ఒక్క పూటలో బూడిద. అందరినీ కింది వీధికి తెచ్చారు. మూడో ఇంటావిడకి నొప్పులు. రొట్టెల కొట్లో పిండిబస్తాల మీద కాన్పు. బాబు. తల్లికి జ్వరం, పాలు లేవు. రెండు రోజుల కిందట ఆడపిల్లని కన్న రొట్టెల ఇంటి బాలింత, ఇద్దరికీ పాలిచ్చింది. పదకొండు రోజులు."

పై వీధి మూడో ఇల్లు తాళాలాయనది. రొట్టెల ఇంటి ఆడపిల్ల, పిన్ని.

నర్సమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అప్పుడు నాకు పద్దెనిమిది. వేడినీళ్ళు నేనే పెట్టాను. వాడి తల్లి కోలుకున్నాక మా అమ్మ చేత ఒట్టేయించుకుంది, ఎవరికీ చెప్పొద్దని. తాళ్ళవాళ్ళు ఇటుకలవాళ్ళ గుమ్మం తొక్కేవాళ్ళు కాదు అప్పట్లో. పరువు పోతుందని భయపడింది. పిన్ని తల్లి కూడా మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది. ఇప్పుడు ముగ్గురూ లేరు."

"మరి మీరు చెప్పొచ్చు కదా?"

"పురిటింటి మాట నేను బయటపెట్టకూడదమ్మా. నువ్వు చెప్పు. నువ్వెలాగూ వెళ్ళిపోయేదానివి. గొడవైనా నీకేం?"

నిజమే. నాకేం.

అక్టోబరు 30

నాకేం అనుకుంటూ పొద్దంతా ఆలోచించాను. సమావేశంలో అందరి ముందూ ఆ పేజీ చదివేస్తే ఒక్క దెబ్బకి నోళ్ళు మూతపడతాయి. కానీ అరవై రెండేళ్ళ మనిషి, అంతమందిలో తల ఎత్తి ఎలా నిలబడతాడు? రాయి విసిరి బస్సెక్కి పోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళని పదకొండేళ్ళుగా తిడుతూనే ఉన్నాను.

అక్టోబరు 31

గడియ బిగుసుకుందని కబురంపి తాళాలాయనని పిలిపించాను. గడియ బానే ఉంది. పుస్తకం అతని చేతికిచ్చి ఆ పేజీ చూపించాను.

రెండుసార్లు చదివాడు. పెదాలు కదులుతున్నాయి.

"మా అమ్మ చెప్పలేదే," అన్నాడు.

"చెప్పొద్దని ఆవిడే ఒట్టు వేయించుకుందట. మీకు చిన్నతనంగా ఉంటుందని."

"పదకొండు రోజులా?"

"పదకొండు."

లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, "ఆవిడకి తెలుసా?" అన్నాడు.

"ఎవరికీ తెలియదు. నాకూ, నర్సమ్మగారికీ, అంతే. మీరు వద్దంటే ఈ పేజీ ఇక తెరవం. రాతి మీద వార్డు నంబరే ఉండనివ్వండి."

పనిముట్ల సంచి ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

నవంబరు 1

సుత్తి చప్పుడు లేదు.

నవంబరు 2

తాళాల కొట్టుకే తాళం. తప్పు చేశానా? చెల్లికి ఫోన్ చేస్తే, పిల్లల్ని ఈతకి తీసుకెళ్తున్నాం అక్కా, తర్వాత మాట్లాడతానంది. తర్వాత మాట్లాడలేదు. పనిముట్ల సంచి మూలనుంచి నన్నే చూస్తోంది.

నవంబరు 3

తెల్లవారుతుండగా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాను. షట్టరు లేచింది. పై వీధినుంచి తాళాలాయన దిగుతున్నాడు, చేతిలో ఖాళీ సంచి. బస్‌స్టాపు దగ్గర ఆగాడు. బస్సు వచ్చింది, తలుపు తెరిచింది, మా డ్రైవరు హారన్ కూడా కొట్టాడు. ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఆ మనిషి ఇంకా అక్కడే. తర్వాత చొక్కా సర్దుకుని, పల్లం దిగి, రొట్టెల కొట్లోకి నడిచాడు.

నేను గట్టిగా అరిచి ఉంటాను. కింద నర్సమ్మగారు "మళ్ళీ పడ్డావా?" అని కేకేసింది.

ఆ తర్వాతి సంగతి పిన్ని చెప్పింది. గంట తర్వాత మోచేతుల దాకా పిండితోనే మెట్లెక్కి వచ్చింది. తాడు లాగేంత వ్యవధి కూడా ఇవ్వలేదు, తలుపు తోసేసింది.

"వచ్చాడమ్మా! నా కొట్టుకి! రొట్టె కావాలా అన్నాను. తల వంచుకుని నిలబడ్డాడు. ఒంట్లో బాలేదేమో అనుకున్నా. ఉన్నట్టుండి మొత్తం చెప్పేశాడు. పిండిబస్తాలూ, మా అమ్మా, అంతా. 'మీ అమ్మకి నేను ఒక్కసారి కూడా నమస్కారం పెట్టలేదు' అని ఏడ్చేశాడు. కొట్టు నిండా జనం. నేనూ ఏడ్చాను. పొయ్యిలో రొట్టె మాడింది. మాడితే మాడనీ!"

"మంచి మాట కదా పిన్నీ. మరి ఆ కోపమేంటి?"

"కోపం కాదా? కళ్ళు తుడుచుకుని ఏమన్నాడో తెలుసా? 'సరే చెల్లెమ్మా, ఓ రొట్టె ఇవ్వు' అన్నాడు. చెల్లెమ్మా! నేను వాడికంటే రెండు రోజులు పెద్దదాన్ని! పుస్తకంలో ఉంది కదా? ఏదీ, చూపించు!"

చూపించాను. పుస్తకం చంకలో పెట్టుకుని దిగి వెళ్ళింది. ఐదు నిమిషాల తర్వాత పై వీధిలోంచి ఆవిడ గొంతు, "అక్కా అను! అంటావా అనవా?"

నవంబరు 4

అన్నాడట.

నవంబరు 8

మళ్ళీ సమావేశం, మళ్ళీ నా గదే. ఈసారి కిటికీ వైపు ఎవరో, తలుపు వైపు ఎవరో చూసుకోకుండా కూర్చున్నారు. తప్పు, చూసుకున్నారు. కానీ తాళాలాయన వెళ్ళి తలుపు వైపు కూర్చునేసరికి లెక్క తప్పింది.

రాసింది చదివాను. ముప్ఫై అయిదు మాటలు. ఎవరూ లేవలేదు. పిన్ని ఒక్కతే చెయ్యెత్తింది. "బాబు పుట్టాడని రాశావు, బాగుంది. మరి నేనో? నేను ఆ కొట్లో లేనా?"

"ఇంకా అయిదు మాటలున్నాయి," అన్నాడు మాస్టారు. అప్పటికప్పుడు అయిదు మాటలు వేశాను. వేళ్ళ మీద లెక్కపెట్టి సరిగ్గా నలభై అని ఆయన ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఇదిగో, ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

"పై వీధి తాళ్ళు పేనింది. కింది వీధి ఇటుకలు కాల్చింది. ముందెవరన్నది తేలలేదు. పై వీధి తగలబడిన నాడు అందరూ కింది వీధిలో తలదాచుకున్నారు. ఆనాడే ఇక్కడొక బాబు పుట్టాడు. అప్పటికే రెండు రోజుల అక్క ఉంది. మరునాటి నుంచి కింది వీధి ఇటుకల్ని పై వీధి తాళ్ళతో పైకి లాగారు. ఇప్పటికీ లాక్కుంటూనే ఉన్నాం."

చివరి వాక్యం దగ్గర దర్జీ ఆమె నన్ను వింతగా చూసి, "'ఉన్నాం' అని రాశావే?" అంది.

పేటవాళ్ళు చెప్పినట్టు రాయాలి కదా. అందుకని.

నవంబరు 18

బదిలీ ఆర్డరు వచ్చింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అవతలి డిపో. ఒప్పుకుంటూ సంతకం పెట్టి పంపాలి. సంతోషం. చాలా సంతోషం. నర్సమ్మగారికి కూడా చెప్పేశాను, గది వేరేవాళ్ళకి ఇచ్చుకోమని. "అలాగేనమ్మా," అంది. ఒక్కసారి ఉండమనొచ్చు కదా. అనలేదు.

నవంబరు 19

సంతకం రేపు పెడతాను. ఈ పెన్ను సరిగా రాయడం లేదు.

నవంబరు 20

చెల్లికి చెప్పాను. "అక్కా, ఒకటి అడగనా? నాలుగు వారాలుగా ఎప్పుడు ఫోన్ చేసినా తాళాలాయనా, పిన్నీ, మాస్టారూ అంటున్నావు. మా ఇంటి సంగతి ఒక్కసారి అడిగావా?" అంది.

అడగలేదా? అడిగే ఉంటాను.

"తప్పని కాదు. నేను బానే ఉన్నానక్కా. నువ్వు పెంచినదాన్ని కదా, బాగుండక ఏమవుతాను? నువ్వు నాకోసం రానక్కర్లేదు. ఆదివారాలు భోజనానికి రా, చాలు," అంది.

ఫోన్ పెట్టేశాక కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆకలేసింది.

నవంబరు 24

పొద్దున కట్టు తీశారు. కాలు సన్నగా, తెల్లగా, వేరొకరి కాలులా ఉంది. చేతికర్రతో మెట్లు దిగాను, ఎక్కాను. సంతకం పెట్టని కాగితం ఇంకా బల్ల మీదే.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఈసారి తాడు లాగకుండా నేనే వెళ్ళి తీశాను. కొత్తగా పెళ్ళయిన జంట, గది చూడ్డానికొచ్చారట. నర్సమ్మగారు ఇంట్లో లేదు. లోపలికి రమ్మన్నాను.

"తెల్లవారకముందే రొట్టెల కొట్టు షట్టరు మోగుతుంది, నిద్ర ఉండదు," అన్నాను.

"పొద్దున్నే వేడి రొట్టె వాసనొస్తుందా అయితే?" అని అమ్మాయి మొహం విప్పారింది.

"రోజంతా సుత్తి చప్పుడు. ఎవరు పడితే వాళ్ళు చెప్పకుండా లోపలికొచ్చేస్తారు. ఒంట్లో బాలేకపోతే మరీను, పద్నాలుగు మంది వస్తారు. మంచం మీద మీకు చోటుండదు. మాస్టారొకాయన ఉన్నాడు, లెక్కలు చెప్పకుండా వదలడు. ఇంటావిడకి మీ కడుపులో పిల్ల కదలకముందే తెలిసిపోతుంది."

ఎంత చెడ్డగా చెబుదామనుకుంటే వాళ్ళ కళ్ళు అంత మెరుస్తున్నాయి. అబ్బాయి గోడలు చేత్తో కొలవడం మొదలుపెట్టాడు, బీరువా ఎక్కడ పెట్టాలా అని. నా కిటికీ దగ్గర.

"గది ఖాళీ లేదు," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. "ఇంటావిడ చెప్పారండీ, ఇక్కడున్నామె నెలాఖరుకి వెళ్ళిపోతోందని," అన్నాడు అబ్బాయి.

"ఆమె వెళ్ళడం లేదు."

"మీకెలా తెలుసు?"

"నాకూ ఇప్పుడే తెలిసింది."

అమ్మాయి మొహం చిన్నబోయింది. పాపం అనిపించింది. చేతికర్ర తీసుకుని వాళ్ళతోపాటు మెట్లు దిగి, వీధి మొగ దాకా వెళ్ళాను. "పై వీధిలో ఒక గది ఉంది. కింది వీధిలో ఒకటుంది. రెండూ చూసుకోండి," అని చెప్పాను. "ఏది మంచిదని మాత్రం ఈ పేటలో ఎవర్నీ అడక్కండి."